కథలో మత్తు, మత్తుకు కాపలా

తెలుగు నవలలోనూ సినిమాలోనూ మత్తుమందుకున్నంత మహిమ మరే మందుకూ లేదు. వెనకనుంచి ఎవరో వచ్చి రుమాలు ముక్కుకు అదుముతారు; రెండు ఊపిరులు తీసే లోపే మనిషి ఒరిగిపోతాడు. గుండెలవిసేలా ఏడుస్తున్న స్త్రీకి డాక్టరు భుజానికి ఒక సూది వేస్తాడు. మాట సగంలో ఆగి ఆమె కళ్లు మూతపడతాయి. తెల్లవారాక ఇద్దరూ తేటగా లేచి, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పి, కథను ముందుకు నడుపుతారు. వైద్యశాలలో ఇవేవీ ఇలా జరగవు.

కరువు సీమలో వైద్యం చేస్తూ, దొరికిన తీరికలో కథలు చదువుతూ జీవితం గడిపిన ఒక తరం వైద్యుల స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి మత్తును విషయంగా ఎంచుకోవడం వెనక ఒక ఉద్దేశం ఉంది. సభలో కథకులున్నారు, వైద్యవిద్యార్థులున్నారు, వార్డులో రాత్రులు గడిపిన నర్సులున్నారు. మత్తు దగ్గర ఈ ముగ్గురి అనుభవాలూ కలుస్తాయి. రచయిత మందు పేరు సరిగ్గా రాస్తే వివరం సరిపోయిందనుకుంటాడు. మందు పేరు పుస్తకం తెరిస్తే దొరుకుతుంది. దొరకనివి రెండు: మత్తు ఎక్కడానికీ దిగడానికీ పట్టే కాలం, ఆ కాలమంతా రోగి ఊపిరినీ నాడినీ కనిపెట్టుకుని కూర్చునే మనిషి. కథల్లోని తప్పులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే చాలావరకు ఈ రెంటిలో ఏదో ఒకటి లోపించడం వల్లనే పుట్టాయని తేలుతుంది.

కాపలా ఎవరిది, దేనిమీద అన్న ప్రశ్నకు తెలుగు దేశంతో పాత సంబంధం ఉంది. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మార్టన్ ఈథర్ ఇచ్చి నొప్పి లేని శస్త్రచికిత్సను బహిరంగంగా చూపించాడు. ఆరు నెలలు తిరక్కముందే, 1847 మార్చిలో, కలకత్తాలో ఈథర్ వాడారు. అదే ఏడాది నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమ్‌ను ప్రవేశపెట్టాడు. ఉష్ణదేశాలకు క్లోరోఫారమే అనువుగా కనిపించింది. ఈథర్ సుమారు 35 డిగ్రీల వేడికే మరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. పైగా ఈథర్ ఆవిరి అంటుకుంటుంది. లాంతరు వెలుగులో కోత కోయాల్సిన చోట అది ప్రాణాంతకం. క్లోరోఫారమ్ అంటుకోదు, 61 డిగ్రీల దాకా మరగదు, కొద్దిపాటి మందుతోనే పని జరుగుతుంది. దాని ప్రమాదం వేరే చోట ఉంది. 1848 జనవరిలో ఇంగ్లండులో హనా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలివేలి గోరు తీయించుకోవడానికి వెళ్లి, క్లోరోఫారమ్ పీల్చి నిమిషాల్లో చనిపోయింది. చంపింది ఆగిన ఊపిరా, ఆగిన గుండెనా? లండన్ వైద్యులు నాడి మీద వేలు తీయకూడదన్నారు. ఎడిన్‌బరో సంప్రదాయం ఊపిరిని చూస్తే చాలంది.

ఈ వివాదం హైదరాబాదుకు చేరింది. రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్యపాఠశాల అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరినే చూడాలన్నది అతని దృఢవిశ్వాసం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పోషణలో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫారమ్ కమిషన్ కూర్చుంది. దాని ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. పరీక్షించడానికి మనిషిని పంపండంటూ నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు, రెండో కమిషన్ నడిచింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేననీ ఊపిరిని చూసుకుంటే గుండెకు భయం లేదనీ తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ ఆ తీర్పును దెబ్బతీశాడు. క్లోరోఫారమ్ తక్కువ మోతాదులో ఉండగా, భయంవల్లో నొప్పివల్లో అడ్రినలిన్ ఎగసినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లుల మీద చూపించాడు. పూర్తిగా మత్తెక్కినవాడి కన్నా, సగం మత్తులో భయపడి పెనుగులాడేవాడికే ముప్పు ఎక్కువన్నమాట. అపహరణ దృశ్యాలు రాసే రచయితకు ఈ ఒక్క వాస్తవం చాలు: రుమాలు కింద గింజుకుంటున్న మనిషి నిద్రలోకి జారడానికి ముందే చనిపోవచ్చు.

అదే హైదరాబాదులో చదివి, తరువాత ఉస్మానియా ఆసుపత్రిగా మారిన అఫ్జల్‌గంజ్ వైద్యశాలలో క్లోరోఫారమ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా చరిత్ర గుర్తించింది. పై చదువుకు ఆమె ఎడిన్‌బరో కూడా వెళ్లింది. కోత కోసిన సర్జన్ల పేర్లు భవనాల మీద నిలుస్తాయి; తలాపున కూర్చుని చుక్కచుక్కగా మందు వదులుతూ ఊపిరి లెక్కపెట్టినవారి పేర్లు వెతికితే గాని దొరకవు. కథల్లోనూ అంతే. సర్జన్ పాత్రలు కోకొల్లలు, మత్తు డాక్టరు పాత్రలు అరుదు. ఆపరేషన్ గది నుంచి బయటికి వచ్చి మాస్కు తీసి నాలుగు మాటలు చెప్పే పాత్ర ఎప్పుడూ సర్జనే.

రుమాలు కథకు వద్దాం. క్లోరోఫారమ్ అప్పటికప్పుడు మనిషిని పడగొట్టదని లండన్ వైద్యుడు జాన్ స్నో 1850 ప్రాంతంలోనే వాదించాడు. క్లోరోఫారమ్‌తో దోచుకున్నారంటూ లండన్ పత్రికలు రాస్తున్న రోజులవి. దానిమీద చట్టం కూడా వచ్చింది. మత్తెక్కాలంటే కొన్ని నిమిషాలపాటు ఎడతెగకుండా పీల్చాలి. మధ్యలో ఒక దశ వస్తుంది. ఈథర్ మత్తును 1920లో ఆర్థర్ గ్యుడెల్ నాలుగు దశలుగా వర్గీకరించినప్పుడు రెండోదానికి ఉద్రేకదశ అని పేరు పెట్టాడు: రోగి అరుస్తాడు, కాళ్లు విదిలిస్తాడు, ఊపిరి బిగబడతాడు, వాంతి చేసుకుంటాడు. పాతకాలపు థియేటర్లలో నలుగురు పట్టుకునేది అప్పుడే. స్పృహ తప్పాక చెయ్యి తీస్తే కాసేపటికే తెలివి వస్తుంది. తీయకపోతే ఊపిరి ఆగుతుంది. దవడ ఎత్తి పట్టకపోతే నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతుంది. నీళ్లలా ఉండే ఆ ద్రవం చర్మానికి తగిలిన చోట ఎర్రగా కమిలి మచ్చ కనిపిస్తుంది. ఎడిన్‌బరోలోనే వైద్యం చదివిన కోనన్ డాయిల్ 1911లో లేడీ ఫ్రాన్సిస్ కార్ఫాక్స్ కథ రాస్తూ ఈ సంగతిని మరువలేదు. శవపేటికలో క్లోరోఫారమ్‌తో పడుకోబెట్టిన స్త్రీని హోమ్స్ బయటికి తీశాక, కృత్రిమశ్వాస ఇచ్చి చాలాసేపు పెనుగులాడితే గాని ఆమె దక్కలేదు. ఆయన కథను పట్టి నిలిపింది ఆ ఆలస్యమే. మన అపరాధ పరిశోధన నవలలు డాయిల్ నుంచి క్లోరోఫారమ్‌ను తెచ్చుకున్నాయి, ఆలస్యాన్ని అక్కడే వదిలేశాయి.

సాధారణ పాఠకుడు మత్తు అన్నప్పుడు ఒక్కటిగా ఊహించుకునేది నిజానికి మూడు వేర్వేరు సంగతులు: తెలివి లేకపోవడం, నొప్పి తెలియకపోవడం, కదలలేకపోవడం. క్లోరోఫారమ్, ఈథర్ ఈ మూడింటినీ ఒక్క మందుతో, ప్రమాదకరమైన లోతులో సాధించేవి. 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ కురారే మందును వాడి కండరాలను సడలించడంతో ఆ మూడూ విడిపోయాయి. నిద్రకు ఒక మందు, నొప్పికి ఒకటి, కదలకుండా ఉంచడానికి మరొకటి. ఈ విభజనతో కథకుడికి గొప్ప అవకాశమే దొరికింది. తెలివి ఉండి నొప్పి లేని మనిషి, నొప్పి ఉండి కదలలేని మనిషి, మాట్లాడుతూనే దేన్నీ గుర్తుంచుకోని మనిషి వేర్వేరు పాత్రలవుతారు. ఇంకా దీన్ని వాడుకున్న తెలుగు కథలు తక్కువ.

కాన్పు దృశ్యం తీసుకోండి. నేటి సిజేరియన్లలో అత్యధికం నడుముకు సూది వేసి చేసేవే. ఆగస్ట్ బియర్ 1898లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. స్త్రీని పక్కకు తిప్పిగానీ కూర్చోబెట్టిగానీ వీపు విల్లులా వంచమంటారు; నిండు కడుపుతో అలా వంగడమే ఆమెకు కష్టం. మందు ఎక్కిన కొన్ని నిమిషాలకు కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి, తరువాత తనవి కానట్టు అవుతాయి. రక్తపోటు పడితే వికారం పుడుతుంది, ఒళ్లు వణుకుతుంది. కోత నొప్పి తెలియదు గాని లాగడం, నొక్కడం తెలుస్తుంది. మధ్యలో అడ్డం కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల ఏం జరుగుతోందో వినిపిస్తుంది. బిడ్డ మొదటి ఏడుపు ఆమె చెవిన పడుతుంది. వార్డుకు వచ్చాక తల్లికో అత్తకో "సూదేసినాక కాళ్లు నాయి కాదనిపించె" అని చెప్పుకోగలదు. అలాంటి స్త్రీని కథలో స్పృహ తప్పించి, "మగబిడ్డ" అన్న మాట భర్తకు వరండాలో ముందు చేరవేస్తే, కథనం ఆమె అనుభవాన్ని ఆమెకే లేకుండా చేసినట్టు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరాల మీద రాసిన కథలకూ ఇది వర్తిస్తుంది. అక్కడ చాలామంది స్త్రీలకు పొట్ట మీద మొద్దుబార్చే సూది, తోడుగా తేలికపాటి మగత మందు మాత్రమే ఇచ్చేవారు. చుట్టూ వినిపించే మాటలు వాళ్ల చెవిన పడుతూనే ఉండేవి.

కాలానికి తగిన మందు రాయడం మరో బాధ్యత. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడి ఏర్పడింది. అప్పటికి 1876-78 కరువు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా కురవని ఈ పీఠభూమి మీద చాలాకాలం పెద్దాసుపత్రి అంటే జిల్లా కేంద్రంలోనిదే. గండం తప్పాలంటే బళ్లారికో, కర్నూలుకో, బెంగుళూరుకో బండి కట్టాలి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ కాలక్రమంలో బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులో ఆసుపత్రులు కట్టింది. 1991 నవంబరులో పుట్టపర్తిలో ఉచిత సూపర్ స్పెషాలిటీ వైద్యశాల తెరిచారు. అనంతపురానికి ప్రభుత్వ వైద్యకళాశాల 2000లో వచ్చింది. 108 వాహనం 2005లో, ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాయి. 1975లో కదిరి దగ్గర జరిగే కథలో అంబులెన్సు కూత వినిపించిందంటే వివరమే కాదు, ఆ కాలపు దూరమే అబద్ధమైపోయినట్టు. ఆ రోజుల్లో గాయపడినవాడు ఎక్కింది ఎద్దులబండి, లేదా దారిన పోయే లారీ.

మందులకూ అంతే. 1950 నాటి డాక్టరు ఏడ్చే మనిషికి డయాజిపామ్ ఇవ్వలేడు. అది 1963లో గాని మార్కెట్లోకి రాలేదు. అప్పుడున్నవి బార్బిట్యురేట్లు, పారాల్డిహైడ్, మార్ఫియా. పారాల్డిహైడ్ ఇచ్చిన వార్డులో ఘాటైన వాసన రోజంతా పోదు. పీల్చే మత్తుమందు హలోథేన్ 1956 తర్వాతిది. మిడజొలామ్ 1980ల మాట. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ ఆ తరువాత వ్యాప్తికి వచ్చింది. అది నరంలో ఎక్కేటప్పుడు చెయ్యంతా మంటపెడుతుంది. దానికి ముందు దశాబ్దాలపాటు రాజ్యమేలిన థయోపెంటోన్ ఎక్కుతుండగా నాలుక మీద వెల్లుల్లి రుచి తగిలిందని చెప్పిన రోగులున్నారు; ఆ మాట పూర్తయ్యేలోపే నిద్ర పట్టేది. వేలికి తొడిగి ప్రాణవాయువు శాతం చూపే ఆక్సిమీటర్ సూత్రాన్ని 1974లో జపాన్‌లో తకువో ఔయాగి కనిపెట్టాడు; అది మన జిల్లా ఆసుపత్రులకు చేరడానికి మరో రెండు దశాబ్దాలకు పైనే పట్టింది. అంతకుముందు మత్తు డాక్టరు సాధనాలు వేళ్లు, కళ్లు, చెవులు. నాడి మీద వేలు, గోళ్ల రంగు, కోసిన చోట నెత్తురు ఎరుపా నలుపా అన్న చూపు, మత్తు వాయువులిచ్చే బాయిల్స్ మెషీన్ సంచి ఉబ్బి తగ్గే తీరు. పాత థియేటర్‌ను రాసే రచయిత మానిటర్ కూతను తీసివేసి ఈ చూపును పెడితే గది తనంతట తానే ఆ కాలానిదవుతుంది.

రాయలసీమ కథకూ సినిమాకూ నాటుబాంబు గాయం చిరపరిచితం. కాలు తెగి నెత్తురు పోయినవాడిని బల్లమీద పడుకోబెట్టి మామూలుగా థయోపెంటోన్ ఇస్తే రక్తపోటు కుప్పకూలి గుండె ఆగవచ్చు. 1962లో కాల్విన్ స్టీవెన్స్ తయారుచేసిన కెటమిన్, 1970 నుంచి ఇలాంటి చోట్ల ఆదుకుంటోంది. అది నొప్పిని చంపుతుంది, ఊపిరిని సాధారణంగా ఆపదు, కరెంటు లేకున్నా ఇవ్వవచ్చు. దాని కింద ఉన్న మనిషి నిద్రపోతున్నవాడిలా ఉండడు. కళ్లు తెరిచే ఉంటాయి, పాపలు అటూ ఇటూ కొట్టుకుంటాయి, నోట లాలాజలం ఊరుతుంది, చేతులు వాటంతట అవే లేస్తాయి. దిగేటప్పుడు కొందరు భీకరమైన కలలు చూసి కేకలు వేస్తారు. బాంబుదాడిలో చిక్కినవాడు అప్పుడు మళ్లీ బాంబుల మధ్యకే వెళ్లిపోయినా ఆశ్చర్యం లేదు. ఇంతటి నాటకీయత ఉన్న మందును వదిలి కళ్లుమూసిన ప్రశాంతనిద్రను రాయడం రచయితకు నష్టమే.

ఈ నేలకు మరింత దగ్గరైనది పురుగుల మందు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది రైతు తీసుకునే నిర్ణయం మీద సీమలో ఎన్నో మంచి కథలు వచ్చాయి. ఇంట్లో సన్నివేశం నిజాయితీగా రాసినవారు కూడా ఆసుపత్రి సన్నివేశంలో మాత్రం మనిషిని వెంటనే స్పృహ తప్పించి వదిలేస్తారు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందు లోపలికి పోయినవాడికి కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, చెమట, లాలాజలం, కఫం వరదలా వస్తాయి, కండరాలు చర్మం కింద పురుగుల్లా కదులుతాయి. పైపు వేసి కడుపు కడుగుతారు, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. ఊపిరితిత్తుల్లో చెమ్మ ఎండేదాకా కొన్ని నిమిషాలకోసారి మళ్లీమళ్లీ ఇస్తూ పోతారు. అట్రోపిన్ ఎక్కువైతే రోగి మత్తులోకి పోడు; రెచ్చిపోతాడు. ఒళ్లు కాలిపోతుంది, నోరు ఎండుతుంది, పాపలు విచ్చుకుంటాయి, గాలిలో లేనిదాన్ని పట్టుకోబోతాడు, దుప్పటి పీకుతాడు, కన్నకొడుకును గుర్తుపట్టడు. మంచానికి గుడ్డపీలికలతో చేతులు కట్టి, డయాజిపామో మిడజొలామో ఇస్తారు. ఉమ్మెత్త గింజ చేసే పని కూడా ఇదే. బాటసారులకు ఉమ్మెత్త పెట్టి దోచుకున్న నేరాలు పంతొమ్మిదో శతాబ్దపు వైద్యన్యాయ గ్రంథాలలో నమోదై ఉన్నాయి. అట్రోపిన్‌తో రెచ్చిపోయినవాడిని చూసి చుట్టుపక్కలవాళ్లు "దెయ్యం పట్టినట్టుంది" అనుకునే ఆ రాత్రి పక్క మంచాల మనుషులకు జీవితమంతా గుర్తుంటుంది.

ఇక్కడ కాలం మరో రూపంలో అడ్డు తగులుతుంది. ఊపిరి గొట్టం వేయడానికి కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును పురుగుల మందు అణచివేసి ఉంటుంది గనుక అదే సూది ఈ రోగిని గంటల తరబడి కదలనివ్వదు. అదే ఎంజైము పుట్టుకతోనే కొరవడిన కుటుంబాలు దక్షిణాది వైశ్య సముదాయంలో ఎక్కువని వైద్యపరిశోధన నమోదు చేసింది. తెలుగు ప్రాంతపు మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు ఇంటిపేరు, చుట్టరికం, ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడం ఆలస్యమైందా అని అడగడం వెనక ఈ జ్ఞానం ఉంది. చిన్న ఆపరేషన్‌కు వెళ్లిన మనిషి ఊపిరి తిరిగి రాక గంటలపాటు యంత్రం మీద ఉండటం, ఆ సేపంతా నిద్రమందు ఆపకుండా ఇవ్వాలన్న స్పృహ డాక్టరుకు ఉండటం – కుట్ర ఏమీ లేకుండానే ఉత్కంఠ పుట్టే సందర్భం. 1977లో కోమా నవల రాసిన రాబిన్ కుక్, తాను వైద్యుడై ఉండీ, ఆపరేషన్ గదికి కుట్రను తెచ్చిపెట్టుకున్నాడు.

పురుగుల మందును రాసేటప్పుడు ఒక సంయమనం అవసరం. ఏ మందు, ఎంత, ఎంతసేపట్లో అన్నవి కథకు అక్కర లేదు. అవి చదివేవారిలో ఒకరికి హాని చేయగలవు. కొలత లేకున్నా సన్నివేశం బలహీనపడదు. దానికి బలమిచ్చేది చేతులు కట్టిన గుడ్డపీలిక, గంటగంటకూ పాపలు చూసి చీటీలో రాసుకునే నర్సు, వరండాలో ఖర్చు లెక్క కట్టుకుంటున్న బావమరిది.

కట్లపాము కాటు కూడా ఈ కోవలోదే. కళ్లంలోనో ఇంట్లో నేలమీదో పడుకున్నవాడిని రాత్రి కరుస్తుంది. నొప్పి తక్కువ, గుర్తు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, తరువాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఊపిరాడకపోవడం. రెప్పలు మూసి, చెయ్యి కదపలేక, పిలిచినా పలకని ఆ మనిషిని కథలో "స్పృహ కోల్పోయాడు" అని రాసేస్తారు. అతని కండరాలు పడిపోయాయి, తెలివి పోలేదు. యంత్రం మీద ఊపిరి తీస్తూ, చుట్టూ తన చావు గురించి జరిగే మాటలన్నీ వింటుండవచ్చు. అందుకే అతనికి చెవి దగ్గర చెప్పి, నిద్రమందు కూడా ఇస్తారు. దీనికి తలకిందులైన స్థితి కూడా ఉంది: నవలాకారుడు డాక్టర్ కేశవరెడ్డి జీవితకాలం పనిచేసిన డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలోని రోగులకు ఏ మందూ లేకుండానే చర్మం మొద్దుబారి ఉండేది, కాలినా తెలిసేది కాదు. పైకి కనిపించే నిశ్చలతకూ లోపలి అనుభవానికీ మధ్య ఉండే ఇంత ఎడాన్ని గమనించే అవకాశం వైద్యుడైన రచయితకు ఎక్కువ. డాక్టర్ పి. శ్రీదేవి, కొమ్మూరి వేణుగోపాలరావు వంటివారు తెలుగు నవలకు వైద్యవిద్యార్థుల, హౌస్ సర్జన్ల లోకాన్ని తెచ్చిపెట్టారు. ఆ లోకంలో మత్తు డాక్టరు కూర్చునే కుర్చీ చాలావరకు ఖాళీగానే ఉంది.

ఒకే మందు అందరి మీదా ఒకేలా పనిచేయదు. తెలంగాణలోని నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్‌ప్రజొలామ్ కలపడం ఏళ్లుగా ఉన్న దురాచారం. దానికి అలవాటుపడ్డ కూలీకి ఆసుపత్రిలో ఇచ్చే మామూలు మోతాదు ఆనదు; డాక్టరు వింతపడేంత మందు పడితే గాని కన్ను మూతపడదు. కల్లు దుకాణాలు మూతపడిన వారంలో మూర్ఛలతో, భ్రమలతో ఆసుపత్రులకు చేరినవారు ఎందరో. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇది తెలిసిన అనుభవమే. గుంతకల్లు మీదుగా పోయే రైళ్లలో అపరిచితులిచ్చిన బిస్కెట్లు తినవద్దని చెప్పే హెచ్చరిక వెనకా ఇలాంటి మాత్రలే ఉన్నాయి. మాత్ర కడుపులో కరిగి నెత్తుటిలో చేరడానికి పావుగంట నుంచి గంట దాకా పడుతుంది. ముందు మాట తడబడుతుంది, కాళ్లు తేలతాయి, అప్పుడు నిద్ర. దొంగ ఆ సమయమంతా ఎదుటి సీట్లో కూర్చుని కబుర్లు చెప్పాలి. కథకు కావలసింది ఆ కబుర్లే. 2024 దాకా అమలులో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతిలో 328వ సెక్షన్ ఇలా మత్తుమందు పెట్టడాన్ని నేరంగా పేర్కొంది; నేటి న్యాయసంహితలో 123వ సెక్షన్ పేర్కొంటోంది.

నిజం చెప్పించే సూది మీద నమ్మకం మాత్రం ఇంకా సడలలేదు. పోలీసు నవలల్లో థయోపెంటోన్ ఎక్కించగానే నేరస్తుడు వరసగా ఒప్పుకుంటాడు. నిజానికి సగం మత్తులో ఉన్నవాడు అడిగినదానికల్లా ఔనంటాడు, లేనిది కల్పిస్తాడు, కోరుకున్నది చెబుతాడు. 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో, సమ్మతి లేకుండా నార్కో పరీక్ష చేయడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అలాగే మానసిక రోగులకు మత్తూ కండరాల సడలింపూ లేకుండా విద్యుత్ చికిత్స ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కట్టేసి షాకు ఇచ్చే దృశ్యాన్ని నేటి కాలానికి పెట్టి రాస్తే, రచయిత అందులో ఒక నేరాన్ని చిత్రిస్తున్నాడని పాఠకుడికి తెలియాలి.

మత్తు దిగడం కథల్లో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైన ఘట్టం. మెలకువ తలుపు తీసినట్టు రాదు. ముందు వినికిడి వస్తుంది, తరువాత మాట, ఆ మాటకు అర్థం ఇంకా ఆలస్యంగా. గొట్టం తీసిన గొంతు బొంగురుగా ఉంటుంది, చలి వణికిస్తుంది, వాంతి వస్తుంది. ముసలివారికి రెండు మూడు రోజులపాటు రాత్రిళ్లు తికమక పట్టి, ఆసుపత్రిని సొంత ఊరనుకోవడం మామూలే. పరగడుపున రమ్మన్నా "టీ నీళ్లేలే" అని తాగి వచ్చిన మనిషికి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే గండం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉంటుంది. అందుకే మత్తు డాక్టరు అదే ప్రశ్న మూడుసార్లు అడుగుతాడు.

మిడజొలామ్ వంటి మందు ఇచ్చాక మనిషి మేలుకునే ఉంటాడు, అడిగినదానికి తెలివిగా జవాబిస్తాడు, డాక్టరుతో వాన గురించి మాట్లాడతాడు. మరునాడు అందులో ఒక్క ముక్క కూడా గుర్తుండదు. కథ ఉత్తమపురుషలో నడుస్తుంటే ఆ గంట కథకుడి దగ్గర ఉండదు. దాన్ని నర్సు చెప్పాలి, లేదా తలుపు సందులోంచి చూసిన భార్య చెప్పాలి. ఆమె ఎంత చెప్పిందో, ఏది దాచిందో అతనికి ఎన్నటికీ తెలిసే దారి లేదు.